నీళ్ళు తాగే చోటు

నేను కథల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. నలభై ఆరేళ్ళుగా అదే పని. చదువు మూడో తరగతి దాకానే. అక్షరాలు వచ్చు, రాకేం, కానీ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ పోవాలి. లైను చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో జారిపోతుంది. అందుకని నా పని ఎప్పుడూ చెవులతోనే మొదలయ్యేది. మా ఆవిడ చదివేది, నేను వినేవాణ్ణి.

ఎలాగంటే, ప్రెస్సు నుంచి కాగితాల కట్ట వచ్చేది. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర పొట్టి స్టూలేసుకుని కూచునేది. నేను కిటికీ దగ్గర బల్ల ముందు. మొదటిసారి కథంతా ఒకే బిగిన చదివేసేది. అప్పుడు నేను కలం ముట్టుకోకూడదు. అది ఆవిడ పెట్టిన రూలు. "ముందు విను. గీతలు ఎక్కడికీ పారిపోవు" అనేది. రెండోసారి ముక్కలు ముక్కలుగా చదివేది, అప్పుడు గీసుకునేవాణ్ణి. మధ్యమధ్యలో కథ రాసినాయన మీద సణుగుడు కూడా ఉండేది. "ఈయన జన్మలో ఒక్కసారైనా పాలు కాచాడంటావా? పొయ్యి మీద పాలు పెట్టించి ఆ పిల్లని బజారుకి పంపించాడు. ఇంకా పొంగలేదంట." అట్లాంటివి. నేను నవ్వితే గీత వంకరపోతుందని మళ్ళీ ఆవిడే కోప్పడేది.

ఇంకో అలవాటుండేది ఆవిడకి. నాకు చదివేముందు తను ఒకసారి కథంతా కళ్ళతో చూసుకునేది. అందుకని ఎక్కడ ఏముందో తెలుసు. కథలో చెడ్డది ఏదైనా జరగబోతుంటే, ఆ పేజీ తిప్పకుండా ఆగి, కాగితాలు స్టూలు మీద బోర్లించి, లోపలికెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగొచ్చేది. గొంతు సరిచేసుకోడానికో గుండె సరిచేసుకోడానికో నాకెప్పుడూ చెప్పలేదు. గ్లాసులో నీళ్ళు పడే చప్పుడు వినగానే నేను "పోయాడా?" అనేవాణ్ణి. "నోరు మూసుకు కూచో" అనేది లోపల్నుంచి. మా ఆవిడ నీళ్ళు తాగిందంటే కథలో ఎవరికో మూడిందన్నమాటే.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. ఉండేది మేడమీద రెండు గదులు, కింద దర్జీ కొట్టు. ఆవిడ పోయాక కూడా కాగితాల కట్టలు వచ్చాయి. కట్ట బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూచునేవాణ్ణి, తాళం చెవి పారేసుకున్నవాడు తన ఇంటి ముందే కూచున్నట్టు.

ఆవిడ పోయిన మొదటి ఏడాది, కింది కొట్లో దర్జీని పట్టుకున్నాను. మంచివాడే. మెళ్ళో టేపు వేసుకుని పైకొచ్చాడు. పొట్టి స్టూలు మీద కూచోబోతే, "అది కాదయ్యా, ఇటు కుర్చీలో కూచో" అన్నాను. ఏమీ అడగకుండా కుర్చీలో కూచున్నాడు. చదువు గడగడా వస్తుంది అతనికి, తప్పుల్లేవు. కాకపోతే అంతా ఒకే గొంతు. పులి వచ్చిందన్నా, పిల్ల తప్పిపోయిందన్నా, భుజం పదిహేడు, చెయ్యి ఇరవై నాలుగు అన్నట్టే ఉండేది. పైగా ఏడుపొచ్చే చోట్లు దాటేసేవాడు.

"మధ్యలో రెండు పేజీలు తిప్పేశావేంటయ్యా?"

"అవి బాగాలేవు పెద్దాయనా. ఆ పిల్లకి జొరం. మనకెందుకు."

ఆ పుస్తకం జ్వరప్పిల్ల బొమ్మ లేకుండానే అచ్చయింది. నత్తగారు కూడా గమనించలేదు. నత్తగారంటే ప్రెస్సాయన. ఆ పేరు పెట్టింది మా ఆవిడే. ఒక పుస్తకం మొదలుపెడితే అచ్చయ్యేసరికి మనిషి చొక్కా సైజు మారిపోతుంది, అంత నిదానం. నాతో మొదట్నుంచీ ఉన్నవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ళ తప్పు కాదు. ఉత్తరాలకి జవాబులు రాసింది ఆవిడ, ఫోనులో మాట్లాడింది ఆవిడ, "ఈ బొమ్మ మళ్ళీ వెయ్యడు, బాగానే ఉంది" అని దెబ్బలాడింది ఆవిడ. నేను ఫోనెత్తితే "ఆఁ" అంటాను. తర్వాత ఏమనాలో తెలీదు. రెండుసార్లు "ఆఁ" అంటే అవతలివాళ్ళు పెట్టేస్తారు.

మా తమ్ముడి మనవరాలు ఒకటుంది, ఆదివారాలు వస్తుంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది కూడా అదే. పోయినేడాది ఒక ఆదివారం బల్ల మీద ఎండిపోయిన సిరా సీసా చూసి, "ఎన్నాళ్ళైంది తాతా గీసి?" అంది.

"మొన్ననే."

"సీసా అడుగున బిళ్ళ కట్టింది."

సీసా ఇటు జరుపుకున్నాను. అప్పుడు చెప్పింది.

"నీకు ఏజెన్సీ కావాలి తాతా. పని వాళ్ళు తెస్తారు. మాట్లాడ్డం వాళ్ళు, బేరం వాళ్ళు, ఉత్తరాలు వాళ్ళు. వాళ్ళ వాటా వాళ్ళు తీసుకుంటారు. నువ్వు గీస్తే చాలు."

"మరి ఇప్పుడు నేను చేస్తున్నదాన్నేమంటారు?"

"ఫ్రీలాన్స్ అంటారు."

"మా రోజుల్లో దాన్ని ఖాళీగా ఉండటం అనేవాళ్ళం."

అది నవ్వలేదు. నా మాటకి అది నవ్వలేదంటే నా మీద బెంగ పెట్టుకుందన్నమాట. సరే, రమ్మను చూద్దాం అన్నాను.

ఏజెన్సీ నుంచి వచ్చిందొక అమ్మాయి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెట్లెక్కి ఆయాసపడుతూ, భుజాన కంప్యూటర్ సంచీ. నా పాత బొమ్మలన్నీ రేకు పెట్టెలో ఉంటాయి, తీసి చూపించాను. నేల మీదే కూచుని ఒక్కోటీ చూసింది. తొందరపడలేదు. అది నాకు నచ్చింది.

"ఇంత సన్నటి గీత చేత్తోనే గీస్తారా సార్?"

"కాలితో రాదమ్మా."

నవ్వింది. ఆ తర్వాత సార్ మానేసి తాతగారూ అంది.

ఒప్పందం కాగితాలు నాలుగు తెచ్చింది. "మీరు చదువుకుంటారా, నేను చదవనా?" అని అడిగింది. చదవమన్నాను. చదివింది. మంచి గొంతు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతుంది. ఆ గదిలో ఒక ఆడమనిషి కాగితం చదువుతుంటే విని నాకు రెండేళ్ళ పైన అయింది. ఏం చదివిందో సగం వినలేదు, గొంతే విన్నాను. అయిపోయాక, "మళ్ళీ చదువుతావా అమ్మా?" అన్నాను.

"ఏ పాయింటు తాతగారూ?"

"మొదట్నుంచీ."

పాపం మళ్ళీ చదివింది. ఈసారి బుద్ధిగా విన్నాను. ఒప్పందం ఏడాదికి. వచ్చే పని ఏదైనా వాళ్ళ ద్వారానే రావాలి. పుస్తకం వేసేవాళ్ళతో గానీ రాసినవాళ్ళతో గానీ నేను నేరుగా మాట్లాడకూడదు.

"నత్తగారో?"

"ఎవరండీ?"

"మా పాత ప్రెస్సాయన."

"ఆయన కూడా మా ద్వారానే రావాలి తాతగారూ. లేకపోతే అందరూ మీ దగ్గరికే వచ్చేస్తారు కదా."

అందరూ ఎవరా అని నాకు నవ్వొచ్చింది గానీ పైకి అనలేదు. అసలు సంగతి అడిగాను. "మరి నాకు కథ ఎవరు చదువుతారు?"

"కథతో పనిలేదండీ మీకు. ఏ బొమ్మలో ఏముండాలో ఒక్కోదానికి ఒక చీటీ పంపిస్తాం. చిన్న చిన్న మాటలు, పెద్ద అక్షరాలు. మీరు ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

ముందు ఒక పుస్తకం చేసి చూడండి, పన్నెండు బొమ్మలు, నచ్చితే సంతకం అంది. కాగితాలు సిరా సీసా కింద పెట్టి వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఆ మాట విన్నాక మూడు రోజులు హాయిగా ఉంది. ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఆ మాట కోసమే సంతకం పెట్టేద్దామనుకున్నాను.

చీటీలు వచ్చాయి. పన్నెండు. బల్ల మీద తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా తగిలించాను. మొదటిది: "ముసలావిడ. సన్నగా. కళ్ళజోడు. పేము కుర్చీ, కిటికీ దగ్గర. పిల్ల నేల మీద." చదవడానికి పది నిమిషాలు పట్టలేదు. వేశాను. ముసలావిడ ముఖం ఎవరిదీ కాదు, ఊహించి వేసిందే. చేతులు మాత్రం మా ఆవిడవి పడ్డాయి. నేను వెయ్యలేదు, పడ్డాయి. వేళ్ళ కణుపులు కొంచెం లావుగా, బొటనవేలు బయటికి వంగి. ఆ చేతులతో బఠాణీలు ఒలిపించాను. చీటీలో బఠాణీలు లేవు. చేతులు ఊరికే ఎలా ఉంటాయి మరి.

పని చకచకా సాగింది. మా ఆవిడతో అయితే మూడు నెలలు పట్టేది, ఇప్పుడు మూడు వారాల్లోనే ఎనిమిది బొమ్మలయ్యాయి. వాదన లేదు, సణుగుడు లేదు. గదిలో నిబ్బు గీసుకునే చప్పుడు, కింద మిషను చప్పుడు, అంతే. ఒకరోజు పొద్దున పాలతను "రేపు ఊరెళ్తున్నా, రేపటివి కూడా కలిపి పొయ్యమంటారా?" అని అడిగాడు. జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఎన్ని రోజులైందా మాట్లాడి అని లెక్కేసుకున్నాను. ఐదు. తల ఊపాను. పోసి వెళ్ళాడు.

తొమ్మిదో చీటీ: "గది. కిటికీ. పేము కుర్చీ. సాయంత్రం వెలుగు. పిల్ల నేల మీద." మొదటిదానిలాగే ఉంది కదా అనుకున్నాను. ముసలావిడ పేరెత్తలేదు, మర్చిపోయుంటారు, కుర్చీ ఉందంటే కుర్చీలో ఆవిడ ఉండకేం. వేశాను, బఠాణీలతో సహా. పదోది వాకిట్లో పిల్ల. ముసలావిడని కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు పెట్టాను. పదకొండోది వాన, ఆవిడ చేతిలో తువ్వాలు. పన్నెండోది: "పిల్ల కుర్చీలో కూచుని ఉంది." ఆవిడని కుర్చీ వెనకాల నిలబెట్టి, పిల్ల భుజం మీద ఒక చెయ్యి వేయించాను. అన్నిట్లోకీ అదే బాగా కుదిరింది. అట్టల మధ్య పెట్టి కొరియర్లో పంపించాను.

నాలుగో రోజు ఫోనొచ్చింది.

"తాతగారూ, మొదటి ఎనిమిదీ చాలా బాగున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా చీటీలో లేని మనిషిని వేశారేంటండీ?"

"లేకపోవడమేంటమ్మా, ఆ ముసలావిడే కదా."

"ఆవిడ ఉండకూడదండీ అక్కడ."

"ఎనిమిదిదాకా ఉందిగా. తొమ్మిదిలో ఎక్కడికి పోతుంది?"

ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "ఆవిడ చనిపోతుంది తాతగారూ. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యలో."

"ఎవరూ చెప్పలేదే నాకు."

"నేనూ ఇవాళే విన్నానండీ. చీటీలు పుస్తకం వేసేవాళ్ళు రాసిచ్చారు, నేను మీకు పంపించాను. కథ నేను చదవలేదు."

నేను "ఆఁ" అన్నాను. పెట్టేస్తుందేమోనని వెంటనే అడిగాను, "కథ మొత్తం తెప్పించి పంపుతావా?" ఎందుకండీ అనలేదు. తెప్పిస్తాను అంది. అన్నట్టే రెండు రోజుల్లో ఆ నాలుగు బొమ్మలూ, ముప్పై పేజీల కాగితాలూ కలిపి పంపింది.

ఆ రోజు సోమవారం. మనవరాలు రావాలంటే ఇంకా ఆరు రోజులు. దర్జీని పిలుద్దామని మెట్ల దాకా వెళ్ళాను. వెళ్ళి ఆగాను. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉన్న పేజీలే నాకు కావాలి. అతను దాటేసేవి సరిగ్గా అవే. వెనక్కొచ్చి కూచుని, వేలు పెట్టుకుని, నేనే చదవడం మొదలుపెట్టాను. మనసులో చదువుకుంటే జారిపోతోందని పైకి చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. రోజుకి ఏడెనిమిది పేజీలు. ఒక మాట విడిచి ఇంకో మాట అందుకునే లోపల కింద దర్జీ ఒక జేబు కుట్టేసేవాడు.

మూడో రోజు ఆ చోటుకొచ్చాను. ముసలావిడకి దగ్గు తగ్గలేదు, పిల్ల బడికెళ్ళింది, పేజీ అయిపోయింది. తిప్పాలి. తిప్పితే ఏముందో తెలుసు నాకు. కాగితాలు బల్ల మీద బోర్లించి, లేచి లోపలికెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు పోసుకుని తాగాను. గ్లాసులో నీళ్ళ చప్పుడు అయింది. "పోయాడా?" అని అడగాల్సిన మనిషి లోపలే ఉన్నాడు కాబట్టి బయటి గదిలో ఎవరూ అడగలేదు.

వచ్చి తిప్పాను. పెద్దగా ఏమీ రాయలేదు అందులో. ఆ రాసినావిడెవరో గానీ సంగతి తెలిసినావిడే. పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంటినిండా జనం. ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు పిల్ల ఎప్పట్లాగే కుర్చీ పక్కన నేల మీద కూచుంటుంది. కుర్చీ ఖాళీగా ఉన్నా అందులో కూచోదు. చివరికి ఒకరోజు కూచుంటుంది. అంతే కథ. నా పన్నెండో బొమ్మలో నేను ముసలావిడని వెనకాల నిలబెట్టానే, ఆ పిల్ల అంతసేపూ తెచ్చుకున్న ధైర్యమంతా పాడుచేశానన్నమాట.

సరే, తీసెయ్యాలి. సిరా గీతని తీసెయ్యాలంటే బ్లేడుతో గీకడమే. కాగితం దళసరిది, పైపొర లేచిపోతుంది. తర్వాత చెంచా వెనకవైపుతో రుద్ది నున్నగా చేస్తాం. మూడు బొమ్మలు తొందరగానే అయ్యాయి. తొమ్మిదోది మిగిలింది. కళ్ళజోడు గీకాను, ముఖం గీకాను, భుజాలు, ఒళ్ళో గిన్నె. అంతలో వెలుతురు తగ్గింది. మిగతాది రేపు చూద్దామని లేచాను. పొద్దున బల్ల దగ్గరికొచ్చి చూస్తే కుర్చీలో మనిషి లేదు, రెండు చేతులు మాత్రం ఉన్నాయి, గాల్లో, బఠాణీలు ఒలుస్తూ.

ఆ రోజు పని ముట్టుకోలేదు. మర్నాడు గీకాను.

ఇక్కడ ఒక చిక్కుంది. గీకిన చోట మళ్ళీ సిరా పెడితే పాకిపోతుంది, మరక అవుతుంది. అందుకని ఆవిడ వెనకాల కనపడాల్సిన పేము అల్లిక వెయ్యడానికి లేదు. కుర్చీ చుట్టూతా అల్లిక ఉంది, మధ్యలో మనిషి ఆకారంలో తెల్లగా ఉండిపోయింది. ఇలా పంపితే బాగుండదని కొత్త కాగితం మీద మళ్ళీ మొదట్నుంచీ వేశాను. అల్లిక అంతా నిండుగా, ఒక్క కంత కూడా వదలకుండా. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తది కొట్లో అమ్మకానికి పెట్టిన కుర్చీలా ఉంది. పాతది చూస్తే ఇప్పుడే ఎవరో లేచి లోపలికెళ్ళినట్టుంది.

పాతదే పంపించాను. ఒక చీటీ కూడా రాశాను, నా చేత్తో, పెద్ద అక్షరాలతో. "మధ్యలో తెలుపు అలాగే ఉంచాలి." ఆ నాలుగు మాటలకి అరగంట పట్టింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. అమ్మాయే స్వయంగా తెచ్చింది, ఒక ఆదివారం. మనవరాలు కూడా ఉంది. నేను తొమ్మిదో బొమ్మ తీశాను. కుర్చీ నిండా అల్లిక ఉంది. గీతకి గీత కలిసి, చక్కగా, మిషను మీద నేసినట్టు. బొటనవేలితో తడిమి చూశాను. అచ్చు కాగితం కదా, నున్నగానే ఉంటుంది.

"మా కంప్యూటర్ సెక్షన్లో సరిచేశారు తాతగారూ. అతికించినట్టు కూడా తెలియట్లేదు కదా?" అంది. సంతోషంగా అంది.

"నేనొక చీటీ పెట్టానమ్మా."

"చూశానండీ." కొంచెం గొంతు తగ్గించింది. "మీకు చెయ్యి తిరగక అలా రాశారేమో అనుకున్నాను. అందుకే అవతలివాళ్ళకి చెప్పలేదు. మీకు మాట రాకూడదని."

నన్ను కాపాడింది పాపం. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. పుస్తకం మూసి, సిరా సీసా కింద ఒప్పందం కాగితాలు ఉంటే బయటికి లాగాను. మనవరాలు కలం తీసి ఇచ్చింది. అది తీసుకోకుండానే అమ్మాయిని అడిగాను.

"ఒక్క సంగతి. పుస్తకానికి ఒక రోజు, కథ చదివి వినిపించే మనిషిని పంపగలరా?"

నిజాయితీగా ఆలోచించింది. "అంత టైము మా దగ్గర ఎవరికీ ఉండదు తాతగారూ. ఈ పుస్తకం నేనే ఇంకా చదవలేదు."

"పోనీ రాసినావిడతో ఒకసారి ఫోనులో మాట్లాడనిస్తారా?"

"అది రూలు ఒప్పుకోదండీ."

కాగితాలు నాలుగూ సరిగ్గా పేర్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. నా పాత తొమ్మిదో బొమ్మ అసలుది అడిగాను. సంచీలోనే ఉంది, ఇచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, "నావల్ల బాధపడ్డారా?" అంది.

"లేదమ్మా. నువ్వు కాగితం బాగా చదువుతావు."

ఆ మాటెందుకన్నానో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మనవరాలు లోపలికెళ్ళింది. టీ పెట్టింది. తను తాగేసింది. నాది చల్లారింది. అప్పుడు మొదలుపెట్టింది.

"ఏడాదంతా పని తాతా. తెలుస్తోందా నీకు? ఒక కుర్చీ కోసం."

"తెలుస్తోంది."

"ఇప్పుడేం చేస్తావ్?"

"ఏదో అన్నావుగా. ఫ్రీలాన్స్."

"నవ్వించకు. ఎవరిస్తారు పని?"

"నత్తగారు."

"ఏడాదికి రెండు. మిగతా రోజులు?"

చల్లారిన టీ తాగేశాను. అది కాసేపు కిటికీలోంచి చూసి, "పోనీ, ఆదివారాలు నేను చదువుతా" అంది. కళ్ళు తుడుచుకుంటూ అంది కాబట్టి కాదనకూడదు. కానీ కాదన్నాను. "నీకున్నది ఒక్క ఆదివారం. అది కూడా కథలకి పెడితే మన పోట్లాటలెప్పుడు?" అన్నాను. అప్పుడు నవ్వింది, కొంచెం.

నత్తగారి కట్ట రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల గురించి చెప్పడానికి ఏమీ లేదు. పాలతనితో మాత్రం రోజూ ఒక మాట అనడం నేర్చుకున్నాను. వాన వస్తుందంటావా, అని. అతను రాదంటాడు. గొంతు ఉందో లేదో తెలుస్తుంది.

ఈసారి కట్ట లావుది, మూడొందల పేజీలు. అది వచ్చాక నేనే ఫోను చేశాను నత్తగారికి. నలభై ఆరేళ్ళలో నేను చేసిన మొదటి ఫోను అదే. ఆయన కూడా ముందు "ఆఁ" అన్నాడు, నేనూ "ఆఁ" అన్నాను. కాసేపు అలా జరిగింది.

"కథ నేనే చదువుకుంటాను. ఆలస్యమవుతుంది" అన్నాను చివరికి.

"ఎంత?"

"చదవడానికే నెలన్నర."

అవతల ఊపిరి వినపడింది. "కానియ్యండి. మనకోసం ఎదురుచూసేవాళ్ళెవరున్నారు" అన్నాడు. పెట్టేశాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు చదువుతున్నాను. కిటికీ తీసిపెట్టుకుని, వేలు పెట్టుకుని, పైకి. ఇందులో కూడా ఒక పిల్ల ఉంది, ఇల్లు వదిలి తమ్ముణ్ణి వెతకడానికి బయల్దేరింది. పొట్టి స్టూలు గుమ్మం దగ్గరే ఉంది. ముందుగా కళ్ళతో చూసుకుని పెట్టే మనిషి లేదు కాబట్టి చెడ్డది ఎక్కడుందో నాకు తెలీదు. ఏ పేజీ వెనకాలైనా ఉండొచ్చు. అందుకని ప్రతి పేజీకీ ఆగుతున్నాను. కాగితాలు బోర్లించి, లేచి, ఒక గుక్క తాగి వచ్చి తిప్పుతున్నాను. తిప్పితే ఏమీ ఉండదు, పిల్ల ఎక్కడో కూచుని జామకాయ తింటూ ఉంటుంది.

నిన్న కూడా అలాగే లేచాను. పిల్ల వాగు దగ్గరికి వచ్చింది, పేజీ అయిపోయింది. లోపల గ్లాసు నింపుకుంటుంటే ఎందుకో చాలా నిశ్శబ్దంగా అనిపించింది. కింద మిషను ఆగి ఉంది. ఎప్పట్నుంచి ఆగి ఉందో తెలీదు. కిటికీ కిందనుంచి దర్జీ గొంతు వినిపించింది.

"ఆగిపోయావేంటి పెద్దాయనా? ఆ పిల్లకేం కాలేదు కదా?"

"తెలీదయ్యా. ఇంకా తిప్పలేదు."

"మరేం చేస్తున్నావ్?"

"నీళ్ళు తాగుతున్నా."

అతను మిషను మళ్ళీ మొదలుపెట్టలేదు. నేను గ్లాసు కడిగి బోర్లించి, వచ్చి కూచుని, పేజీ తిప్పాను.